షుయ్‌లియన్ దగ్గు

డిసెంబర్ 21

జ్వరం తగ్గి నాలుగు రోజులైంది. డాక్టరమ్మ ఈ పుస్తకం పెట్టుకోమంది. రోజూ పొద్దున్నే నాలుగు వాసనలు చూసి, ఏది తెలిసిందో ఏది తెలియలేదో రాసుకోవాలట. ముక్కుకి మళ్ళీ అక్షరాభ్యాసం అన్నమాట. "ఊళ్ళో సగం మందికి ఇప్పుడు ముక్కు లేదమ్మా, నీ ఒక్కదానికే కాదు" అని కూడా అంది. ఆవిడకేం, ఆవిడ ముక్కు మీద బతకడం లేదు.

అల్లం: తెలియలేదు. ఎండు నారింజ తొక్క: తెలియలేదు. టీ ఆకు: తెలియలేదు. వెనిగర్: గుచ్చింది. గుచ్చడం వాసన కిందికి వస్తుందో రాదో అడగలేదు. వస్తుందనే రాసుకుంటున్నాను.

బతికి లేచాను, అదే చాలు. దాజున్ ఆరు రోజులు గంజి కాచి మంచం దగ్గరికి తెచ్చి పోశాడు. మొగుళ్ళందరూ ఇలాగే ఉంటారనుకోను. అందులో ఉప్పు వేశాడో లేదో మాత్రం నాకు తెలియదు, ఆయనకీ చెప్పలేదు.

డిసెంబర్ 24

పనికి వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను? నాకు నలభై ఆరు. ఈ షాజింగ్ ఫ్యాక్టరీల పేటలో నలభై ఐదు దాటిన ఆడమనిషిని ఏ ఫ్యాక్టరీ అయినా గేటు దగ్గరే పొమ్మంటుంది. తొమ్మిదేళ్ళుగా ఇ-సిగరెట్లకి దమ్ము లాగి, మాడు వాసన ఉందో లేదో చెప్పడమే నా పని. ఆ ఒక్క ముక్క చెప్పలేకపోతే నేను ఇక్కడ ఎవరినీ కాదు.

నాతో పాటు దమ్ము లాగే షుయ్‌లియన్ టీ కలుపుతూ అడిగింది. "ఏంటక్కా, ముక్కు బాగానే ఉందా?"

"నా ముక్కుకేం? నీ నోరు చూసుకో."

ఆమె నా వంక కాసేపు చూసి "సరే" అంది. ఆ పిల్ల చావోజౌ మనిషి. చిన్న చిన్న కప్పుల్లో రోజంతా టీ తాగుతుంది, రోజంతా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.

ఎప్పటిలాగే ముందు తను లాగి, మూతి తొడుగు మార్చి నాకు అందించింది. ఎవరి కాగితం మీద వాళ్ళం రాసుకున్నాం. ఇద్దరి రాతలూ కలవాలి. నాకు మూడో నంబర్ మీదా పదకొండో నంబర్ మీదా ఎందుకో అనుమానం తగిలింది. మాడు అని రాశాను. రెండూ కలిశాయి! తొమ్మిదేళ్ళ నాలుక ఊరికే పోతుందా? ముక్కుతో పనిలేకుండానే దానికి తెలిసిపోతోంది.

షుయ్‌లియన్‌కి ఒకటే దగ్గు. మూడో దాని దగ్గర గొంతు చిరిగేలా దగ్గింది. పదకొండు దగ్గరా అంతే. జ్వరం తనకి కూడా అంటుకుందేమో.

డిసెంబర్ 26

అల్లం: లేదు. నారింజ: లేదు. టీ: ఉన్నట్టుంది. వెనిగర్: గుచ్చింది.

ఇవాళ 7, 8, 19, 33. నాలుగూ కలిశాయి.

దగ్గు తగ్గలేదా, మందు తెచ్చుకోరాదా అని అడిగాను. "ఈ దగ్గుకి మందు లేదక్కా, నువ్వు బాగుపడితే ఇదీ పోతుంది" అంది. దాని మాటలు ఎప్పుడూ ఇంతే, తలా తోకా ఉండదు.

డిసెంబర్ 29

బాగా చలి. పరీక్ష గదిలో హీటరు ఉండదు. వేళ్ళు కొయ్యలవుతున్నాయి. చలికాలంలో మేం శాంపిళ్ళని కోటు లోపలి జేబులో పెట్టుకుని పది నిమిషాలు వెచ్చబెట్టి లాగుతాం, కోడిపెట్ట గుడ్లు పొదిగినట్టు. నాకు ఈ పని నేర్పినావిడ అలాగే చేసేది. చల్లగా లాగితే దమ్ము సరిగ్గా రాదు, పళ్ళు జివ్వుమంటాయి. ఇవాళ షుయ్‌లియన్ జేబులో ఇరవై ఉన్నాయి. నడుస్తుంటే గలగలమంటోంది. "ఎన్నో నెల?" అని అడిగాను. "కవలలక్కా" అంది. చాలా రోజుల తరవాత నవ్వాను.

దాజున్ బాల్కనీలో వేరే మూకుడు పెట్టుకుని తన కూర తను కారంగా వండుకున్నాడు. మాది హునాన్. మిరపకాయ లేని కూరని మా ఊళ్ళో రోగుల తిండి అంటారు. తొమ్మిదేళ్ళుగా నేను రోగుల తిండే తింటున్నాను. నాలుక చెడకూడదని మానేసిన రోజున మా అమ్మ ఫోన్‌లో ఏడ్చింది, నాకేదో పెద్ద జబ్బు చేసిందనుకుని. పాపం దాజున్ ఈ తొమ్మిదేళ్ళూ రెండు మూకుళ్ళు కడుగుతున్నాడు. ఒక్కసారీ విసుక్కోలేదు. ఈ మాట ఆయనకి చెప్పాలి. చెప్పను, నెత్తికెక్కుతాడు.

జనవరి 3

లేదు. లేదు. లేదు. గుచ్చింది.

జనవరి 5

షుయ్‌లియన్ రాలేదు. కొడుక్కి జ్వరమట.

సరిహద్దు అవతల అల్మాటీ నగరానికి పోయే సరుకు ఇవాళే తేలాలి. లారీ రేపు పొద్దున్న. అరవై శాంపిళ్ళూ నేనే పొదిగాను, నేనే లాగాను. ఒక్కటి కూడా మాడలేదు. మంచి సరుకు. దూది బాగా కూరారు, తీగ బాగా చుట్టారు. గది ప్రశాంతంగా ఉంది. పక్కన ఎవరూ దగ్గకపోతే పని ఎంత హాయిగా సాగుతుందో!

జనవరి 6

షుయ్‌లియన్ వచ్చింది. పిల్లాడికి తగ్గింది. నిన్నటి కాగితం తన ముందు పెట్టాను. రెండో సంతకం లేకపోతే లారీ కదలదు.

"అరవైలో ఒక్కటీ లేదా అక్కా?"

"లేదు."

"ఒక్కటీ?"

"చెప్పాగా. నమ్మకం లేకపోతే పెట్టకు."

అరవై గళ్ళ మీదా పెన్ను మొనతో వరసగా దాటుకుంటూ పోయింది. తర్వాత సంతకం పెట్టేసింది. తను లాగని వాటికి సంతకం పెట్టకూడదు. అది నాకూ తెలుసు, తనకీ తెలుసు. పెట్టింది.

జనవరి 9

క్యాంటీన్‌లో షుయ్‌లియన్ ఎదురుగా కూర్చున్నాను. అరగంట. ఒక్కసారి కూడా దగ్గలేదు.

మధ్యాహ్నం 4, 15, 16, 40. నాలుగింటికీ దగ్గింది.

ఇంతకన్నా రాయను.

జనవరి 20

పండగ సెలవులు. దాజున్‌కి గోదాము కాపలా పడింది. ఊరు వెళ్ళడం లేదు.

అమ్మ కొరియర్‌లో జాడీ పంపింది. ఉప్పులో ఊరిన కోసిన మిరపకాయలు. ఏటా పంపుతుంది, ఏటా దాజున్ తింటాడు. జాడీ దారిలో పగిలిందేమోనని గోటితో కొట్టి చూశాను. గణగణమంది. మా నాన్న మా ఊరు లీలింగ్‌లో పింగాణీ బట్టీలో మంచి గిన్నెలు ఏరేవాడు. చూసేవాడు కాదు. గోటితో కొట్టి చెవి ఒగ్గేవాడు. బీట కంటికి దొరక్కపోయినా చెవికి దొరుకుతుంది అనేవాడు. ఆయన పోయి పదిహేనేళ్ళు. జాడీ మీద గోరు పెట్టగానే పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

వాసన చూశాను. లేదు. మూత పెట్టేశాను.

ఫిబ్రవరి 6

ఫ్యాక్టరీ తెరిచారు. పొద్దున్నే లియావ్ గారు పిలిచాడు. మా పరీక్ష విభాగానికి ఆయనే పెద్ద. మామూలు సిగరెట్ల కాలం నుంచి, పాతికేళ్ళుగా పొగలో ఉన్న మనిషి, కోపం వస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. ఇవాళ ఏమీ వినపడనంత మెల్లగా మాట్లాడాడు.

అల్మాటీ సరుకు మాడుతోందట. పెట్టెలు పెట్టెలు తిరిగి వస్తున్నాయట. మొదటి దమ్ముకే గొంతు పట్టుకుంటోందట.

అరవై. ఒక్కటీ మాడలేదని రాసింది నేను.

ఫిబ్రవరి 7

ఆ సరుకులోంచి మా దగ్గర దాచి ఉంచిన నమూనాలు బయటికి తీశారు. షుయ్‌లియన్ జేబులో వెచ్చబెట్టి ఇరవై లాగింది. నేనూ లాగాను, అంటే లాగినట్టు చేశాను. లియావ్ గారు కూడా నాలుగు తన కోటులో పెట్టుకుని లాగాడు. ఒక్కటీ మాడలేదు.

"ఇక్కడ ఉంచుకున్నవి బాగున్నాయి, పంపినవి మాడుతున్నాయి. అంటే ఆ రోజు సరిగ్గా చూడకుండా పంపారు" అన్నాడు లియావ్ గారు. కాగితం తీశాడు. "రెండు సంతకాలున్నాయి. ఒకావిడ ఆ రోజు గేటు లోపలికే రాలేదు. షుయ్‌లియన్, నువ్వు దమ్ము లాగకుండా పెట్టావా లేదా?"

"పెట్టాను."

"ఎందుకు?"

అది నా వంక చూడలేదు. "బద్ధకం సార్" అంది.

శుక్రవారంతో తన పని ఆఖరు అన్నాడు.

ఫిబ్రవరి 8

చెప్పలేదు.

ఫిబ్రవరి 9

చెప్పేశాను.

పొద్దున నాలుగు గిన్నెలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అల్లం లేదు. నారింజ లేదు. టీ ఉన్నట్టుందని ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. వాటిలో ఒక్కసారి కూడా నిజంగా తెలిసింది లేదు. నా పుస్తకంలో నేనే అబద్ధాలు రాసుకున్నాను. నా తెలివి తెల్లవారినట్టే ఉంది!

దాజున్‌కి అంతా చెప్పాను. ఆయన మూకుడు తోముతూ విన్నాడు. "నీ పని పోతే నా పని ఉంది. ఆ పిల్ల పని పోతే దానికి చిన్నపిల్లాడున్నాడు. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా ఇంకో మాట అన్నాడు. "గంజిలో ఉప్పు ఎక్కువైందని నువ్వు తిట్టకపోయేసరికి నాకప్పుడే అనుమానమొచ్చింది."

లియావ్ గారి గదిలో నిలబడి చెప్పాను. జ్వరం వచ్చినప్పటినుంచి నాకు వాసన తెలియడం లేదు. దాచాను. అరవై శాంపిళ్ళూ ఏమీ తెలియకుండానే బాగున్నాయని రాశాను. షుయ్‌లియన్ నన్ను కాపాడటానికి సంతకం పెట్టింది.

ఆయన నా పాత కాగితాల కట్ట ముందుకు లాక్కున్నాడు. తొమ్మిదేళ్ళలో నా రాత ఒక్కసారి కూడా తప్పు పోలేదని, ముందే చెప్పి ఉంటే ఏదో ఒక దారి చూసేవాడినని అన్నాడు. రేపు కోటు, కార్డు ఇచ్చేసి వెళ్ళమన్నాడు. షుయ్‌లియన్ సంగతి మళ్ళీ ఆలోచిస్తానన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

బయట షుయ్‌లియన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"నిన్నెవరు చెప్పమన్నారు? నెలన్నర నా గొంతు చించుకున్నది ఇందుకేనా? చెప్పేదానివి మొదటిరోజే చెప్పి చావచ్చుగా, నా గొంతైనా మిగిలేది!"

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. మూడో నంబర్ బొగ్గులా మాడింది. నువ్వు మొహం కూడా చిట్లించకుండా లాగావు, అందుకే నువ్వు రాసేలోపు దగ్గాను. నువ్వు దేవతవైనా అయ్యుండాలి, నీ ముక్కైనా పోయుండాలి. నువ్వు దేవతవి కావని నాకు తెలుసు."

"మరి నాకెందుకు సాయం చేశావే?"

అప్పుడు ఏడ్చింది. కోపంగానే ఏడ్చింది. "నాకు పిల్లాడు కడుపులో ఉన్నప్పుడు నా వంతు దమ్ములు మూడు నెలలు ఎవరు లాగారు? లియావ్ గారికి తెలియకుండా నా కాగితం ఎవరు రాశారు? నువ్వు మర్చిపోయావేమో. నేను మర్చిపోతానా?"

నిజంగానే మర్చిపోయాను. ఆరేళ్ళ కిందటి మాట. ఆ రోజుల్లో దీనికి వాంతులయ్యేవి, పొగ కడుపులోకి పోకూడదని దీని వంతు కూడా లాగేదాన్ని. అదేదో పెద్ద సాయం అని ఎప్పుడూ అనుకోలేదు.

ఇద్దరం మెట్ల మీద కూర్చుని టీ తాగాం. టీ వేడిగా ఉంది. అంతే తెలిసింది. అది చాలు.

ఫిబ్రవరి 10

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

పొద్దున్నే వెళ్ళి కోటు మడిచి ఇచ్చేశాను. ఒంటి మీద స్వెటర్ ఒక్కటే మిగిలింది. నా సొరుగు ఖాళీ చేస్తుంటే కిటికీ దగ్గర అల్మాటీ నమూనాల పెట్టె కనిపించింది. మొన్నటి నుంచి అక్కడే ఉంది. ఆ కిటికీ సరిగ్గా మూసుకోదు. పెట్టె ముట్టుకుంటే మంచులా ఉంది. ఆఖరిసారి కదా అని ఒకటి తీసి లాగాను. వెచ్చబెట్టడానికి జేబు లేదు, కోటే లేదు.

వాసన ఏం తెలుస్తుంది? కానీ చెవికి తెలిసింది. నూనె బాగా పీల్చుకున్న దూది దమ్ము లాగితే చిటపటమంటుంది, మూకుట్లో పోపులా. ఇది చిటపటమనలేదు. ఎండిన మూకుడు మీద నీటి చుక్క పడ్డట్టు సుయ్ అంది. గొంతు కూడా గీరుకుంది. నాన్న గోరు గుర్తొచ్చింది. ఇంకోటి తీసి లాగాను. సుయ్. ఇంకోటి. సుయ్.

"షుయ్‌లియన్! ఇలా రా! ఇది లాగు. వద్దు, జేబులో పెట్టకు! ఇలాగే లాగు!"

"ఇంత చల్లగానా? పళ్ళు రాలిపోతాయక్కా."

"రాలితే కట్టించుకుందువు గానీ, లాగవే!"

లాగింది. దగ్గింది. వంగిపోయి, కళ్ళమ్మట నీళ్ళు కారుతూ, బల్ల పట్టుకుని దగ్గింది. నెలన్నరగా అది దగ్గిన దగ్గులన్నీ విన్నదాన్ని నేను. ఇది వేరే. ఇది నిజం దగ్గు.

"మాడు!" అంది ఊపిరి అందాక. "మాడి మసైపోయింది అక్కా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తనే ముందు అంది. "అల్మాటీలో ఇప్పుడు ఎంత చలి?"

మూడు నమూనాలు తీసుకుని క్యాంటీన్‌కి పరిగెత్తింది. ఫ్రీజర్‌లో కుడుముల మధ్య దూర్చింది. వంటాయన గరిటె పట్టుకుని వెంటపడ్డాడట. గంట తర్వాత వాటిని లియావ్ గారికిచ్చింది. ఆయన అలవాటుగా కోటు జేబు తెరిచాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. తొమ్మిదేళ్ళలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

ఆయనా దగ్గాడు.

చలికి నూనె చిక్కబడుతుంది. అటమైజర్‌కి, అంటే దూదీ తీగా ఉండి నూనెని పొగ చేసే గొట్టానికి, ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి అది దూదిలోకి దిగదు. దూది ఎండిపోయి మాడుతుంది. మేమేమో గుడ్లు పొదిగినట్టు పొదిగి నూనెని పల్చన చేసి, ఆహా ఓహో అని రాసి పంపాం. ఈ చలికాలమే కాదు, ప్రతి చలికాలమూ అంతే, ఇన్నాళ్ళూ సరుకు వెచ్చటి దేశాలకి పోయింది కాబట్టి బయటపడలేదు. నా ముక్కు ఉన్నా ఆ అరవైలో ఒక్కటీ దొరికేది కాదు. షుయ్‌లియన్ వచ్చి లాగి ఉన్నా దొరికేది కాదు.

లియావ్ గారు కుర్చీలో కూలబడ్డాడు. "ఈ పొదగడం ఎవరు మొదలుపెట్టారు?" అన్నాడు.

"మీరే సార్" అంది షుయ్‌లియన్. "మా అందరికీ నేర్పినావిడకి నేర్పింది మీరేనట."

ఆయన నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

ఫిబ్రవరి 16

కోటు తిరిగి ఇచ్చారు. అది పాతదే. మడత కూడా నేను మడిచినట్టే ఉంది.

దమ్ము రుచి చూసే కుర్చీ మాత్రం నాది కాదు. ముక్కు లేనిదాన్ని అక్కడ కూర్చోబెట్టలేనని లియావ్ గారు మొహం మీదే అన్నాడు, సరిగ్గానే అన్నాడు. నన్ను అటమైజర్లు ఏరే బల్ల దగ్గర వేశాడు. ముగ్గురు వ్యాపారులు పంపిన రకాలున్నాయి. అన్నిటినీ ఐస్‌లో పెట్టి తీసి, మిషన్‌తో లాగించి, చెవి ఒగ్గి వింటాను. సన్న రంధ్రాలది మూడో దమ్ముకే సుయ్ అంది. పింగాణీది బాగానే మొదలుపెట్టి పదో దమ్ముకి నోరు మూసుకుంది. పింగాణీ మా ఊరి బిడ్డ కదా, గెలుస్తుందనుకున్నాను, పరువు తీసింది. పెద్ద రంధ్రాలుండి, మందంగా దూది కూరినది ముప్పై దమ్ములూ చిటపటమంటూనే ఉంది. చలి దేశాల సరుకుకి అదే ఖాయం చేశారు. వోల్టేజి కూడా కొంచెం తగ్గించమన్నాను. తగ్గించారు. ఇంకో నియమం గోడ మీద అంటించారు, శాంపిల్ జేబులో పెట్టుకోరాదని. దాని కింద షుయ్‌లియన్ పెన్సిల్‌తో పొదిగే కోడిని గీసింది.

తన ఉద్యోగం ఉంది. నా ఉద్యోగం ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక మెట్ల దగ్గర ఒక నిమిషం ఊరికే నిలబడ్డాను.

ఫిబ్రవరి 26

ఆదివారం. షుయ్‌లియన్‌ని భోజనానికి పిలిచాను. పిల్లాణ్ణి తన తల్లి దగ్గర ఉంచి వచ్చింది.

దాజున్ చేపతల వండబోతూ అలవాటుగా రెండో మూకుడు పొయ్యి మీద పెట్టాడు. నేను దాన్ని దించేశాను.

"అదేంటి?"

"ఒక్కటి చాలు. నేనిప్పుడు నాలుక కాపాడుకునేదాన్ని కాదుగా."

ఆయన ఆ మూకుడు గూట్లో బోర్లించాడు. అమ్మ పంపిన జాడీ తెచ్చి మూత తీశాడు. కళ్ళు తుడుచుకుంటూ, మిరపకాయల ఘాటు అన్నాడు. అప్పటికి ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు.

తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి ముద్ద. వాసన లేదు. చేప రుచీ లేదు. తర్వాత మంట వచ్చింది. ముందు పెదవులకి, తర్వాత నాలుకకి, చెవుల దాకా. అది వాసన కాదు కాబట్టి ముక్కుతో దానికి పనిలేదు. ఏ జ్వరమూ దాన్ని ఎత్తుకుపోలేదు. చెమట పట్టింది, ముక్కు కారింది, ఏడుపొచ్చింది. అమ్మకి ఫోన్ చేసి "తిన్నానమ్మా" అన్నాను. ఆవిడ మళ్ళీ ఏడ్చింది. ఈసారి జబ్బనుకుని కాదు.

"అంత బాగుందా?" అని షుయ్‌లియన్ ఒక ముక్క తీసుకుంది. చావోజౌ నోరు అది, ఉప్పూ అల్లం తప్ప ఎరగదు. వద్దని ఇద్దరం అరిచాం. అప్పటికే నోట్లో వేసుకుంది.

దగ్గింది, దగ్గింది, దగ్గుతూనే ఉంది.

నీళ్ళు ఇచ్చి వీపు రాశాను. "ఏ నంబరే?" అని అడిగాను. నోరు తెరవలేక చేత్తో కొట్టింది.

అల్లం: లేదు. నారింజ: లేదు. టీ: లేదు. వెనిగర్: గుచ్చింది. రేపు మళ్ళీ చూస్తాను.